టైరుమీది అంకెలు



ముప్పదియారేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందిన పంతులు టైర్లను గూర్చి ప్రసంగించుట యేమని మీరు నవ్వుకొనవచ్చును. ఈ సంగతి చెప్పుటకు నాకు గల యోగ్యత పాండిత్యము వలన వచ్చినది కాదు; నేను చేసిన పొరపాటు వలన వచ్చినది.

మన తండ్రుల కాలమున దూరప్రయాణమునకు బండి కట్టుటకు ముందు, ఇంటి పెద్ద ఇరుసునకు కందెన పెట్టించి, చక్రపుటాకులు వదులైనవేమో తట్టి చూచి, ఇనుప పట్టా బిగి తప్పినచో కమ్మరి కొలిమికి పంపెడివాడు. నేడు పెక్కిండ్ల ఎద్దుబండి స్థానమున సరకుల ట్రక్కు వచ్చినది. దానిని నడుపువారు పడుచువాండ్రు. రొక్కము లెక్కించి యిచ్చువారము మనము. కావున చక్రమును పరీక్షించు బాధ్యత మననుండి తొలగలేదు.

మా కుమారునకు ఒక చిన్న ట్రక్కు కలదు. పల్నాటిలోని మా గ్రామమునుండి గుంటూరు యార్డునకు మిరపబస్తాలు చేరవేయుట దాని పని. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో వెనుక టైర్లు రెండును అరిగిపోయినవి. కొత్త జత ధర విని నా గుండె జల్లుమన్నది. వేరొక దుకాణమున నిగనిగలాడు టైర్లు జతకు మూడువేల రూపాయలు తక్కువగా దొరకినవి. “చాళ్లు లోతుగనే యున్నవి గదా, ఇంకేమి కావలయును?” అని నేనే బేరమాడి కొనిపించితిని.

మే నెలలో ఒకనాటి మధ్యాహ్నము ముప్పది బస్తాలతో పోవుచుండగా ఆ టైరొకటి ప్రేలెను. బండి త్రోవ తప్పి కాలువగట్టున ఒరిగెను. ప్రాణములు దక్కినవి గాని, నడుపుచున్న కుఱ్ఱవాని కుడిచేయి విఱిగెను. బండి బాగుచేయ వచ్చిన మెకానిక్కు పగిలిన టైరును నాకు చూపి, “మాస్టారూ, ఈ నాలుగంకెలు చూడలేదా?” అని యడిగెను. అవి 1514. అనగా 2014వ సంవత్సరము 15వ వారమున తయారైన సరకు. ఎనిమిదేండ్ల రబ్బరు, మండుటెండ, నిండు బరువు మూడును ఒక్కచో కూడినవి. పిల్లల వ్రాతలో ఒక సున్న తప్పినను పట్టుకొనిన నేను, కన్నులెదుటి నాలుగంకెలు చదువనైతిని. మేము మిగిల్చిన మూడువేలు ఆసుపత్రిలో మొదటిదినపు ఖర్చునకైనను చాలలేదు. ఆ కుఱ్ఱవాని తల్లి నన్ను పల్లెత్తు మాట యనలేదు. అదియే నాకు పెద్ద శిక్ష యయ్యెను.

నాటినుండి నేను నేర్చుకొనినది మీకు విన్నవించెదను.

మొదటిది కొలత. టైరు ప్రక్కన 215/75 ఆర్ 15 అని యున్నదనుకొనుడు. 215 వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి డెబ్బదియైదు పాళ్లు. ఆర్ అనగా రేడియల్ నిర్మాణము. 15 చక్రపు రిమ్ము వ్యాసము, అంగుళములలో. బండితో వచ్చిన పుస్తకమునందు ఏ కొలత చెప్పబడినదో దానినే కొనవలయును.

రెండవది బరువు. కొలత ప్రక్కన వేరొక సంఖ్యయు అక్షరమును ఉండును. 100 అను సంఖ్యకు అర్థము, ఆ టైరు ఒక్కటి 800 కిలోల వరకు మోయగలదని. అక్షరము వేగపరిమితిని తెలుపును. కొలత ఒకటే యైనను, మనుష్యుల ప్రయాణమునకు వాడు జీపువంటి బండికై చేసిన టైరు సరకుల బండికి చాలకపోవచ్చును. లెక్క వేయునప్పుడు సరకుతోపాటు బండి సొంత బరువును కలుపవలయును. సరకు భారము హెచ్చుగా వెనుక చక్రములమీదనే పడునని మఱవరాదు.

మూడవది వయస్సు. డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకెలుండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. టైరు తిరుగకున్నను రబ్బరు గట్టిపడి బీటలు వాఱును. అయిదేండ్లు దాటినచో ఏటేట పరీక్షింపుడనియు, పదియేండ్లకు ఎట్లున్నను మార్చుడనియు పలువురు తయారీదారులు చెప్పుచున్నారు. మన దేశమున 2009వ సంవత్సరపు ఉత్తరువు ననుసరించి ఐ.ఎస్.ఐ. గుర్తును ఉండవలయును.

అరుగుదల చూచుటకు చాళ్ల అడుగున చిన్న కట్టలు కలవు. వాని యెత్తు 1.6 మిల్లీమీటర్లు. పైభాగము అరిగి ఆ కట్టలతో సమమైన నాడు టైరునకు కాలము తీరినట్లే.

అట్లయిన పొదుపు లేదా యని మీరడుగుదురు. కలదు. ఆరువేల టైరు ముప్పదివేల కిలోమీటర్లు నడచినచో కిలోమీటరునకు ఇరువది పైసలు. ఎనిమిదివేల నాలుగువందల టైరు అరువదివేలు నడచినచో పదునాలుగు పైసలే. ధర చీటీ చూచినంతమాత్రమున చవుక తెలియదు. తారురోడ్డుమీద తిరుగు బండికి బురదనేలకు తగిన పెద్ద గుబ్బల టైర్లు అక్కఱలేదు. అచ్చట డబ్బు మిగుల్చుకొనవచ్చును. నాలుగును ఒక్కసారి కొనలేనిచో రెండు కొని వెనుక వేయించుడు. ఒకే ఇరుసునకు రేడియల్ నొకటి, నైలాన్ నొకటి కలిపి వేయరాదు. వారమున కొకసారి, బండి కదలకముందు, ఉదయమున గాలి కొలిపింపుడు. గాలి తగ్గిన టైరు బరువునకు వంగి వంగి వేడెక్కి త్వరగా చెడును. ఖర్చు లేని పొదుపు ఇంతకు మించినది లేదు.

ఆ గుర్తులు ఆంగ్లాక్షరములని వెనుదీయకుడు. నేను దుకాణమునకు పోవునప్పుడు ఏడవ తరగతి చదువు మనుమరాలిని వెంట గొనిపోవుచున్నాను. అది టైరు ప్రక్కన కూర్చుండి అంకెలు చదువును. నేను వ్రాసికొని లెక్క వేయుదును. ఆ పిమ్మటనే బేరము. చేయి బాగైన ఆ కుఱ్ఱవాడు ఇప్పుడును మా బండియే నడుపుచున్నాడు. మన బండిని నడుపువాడు ఎవరింటి బిడ్డయో, ఆ యింటివారు అతని రాకకై ఎదురుచూచుచుందురని తలచి, ఆ నాలుగంకెలను చదువుడు.

సెలవు.