మన వానను ఎక్కడ కొలుస్తున్నారు?

ముదిగుబ్బ నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడ బస్టాండ్ దగ్గర వాన దంచికొడుతుంది, నాలుగు కిలోమీటర్ల అవతల చేన్లో దుమ్ము లేస్తుంటుంది. మనకు తెలిసిందే. పాలసీ రాసేవాళ్లకు తెలుసా? అదీ ఈరోజు సంగతి.

1920లో మైసూరు సంస్థానానికి చెందిన జె.ఎస్. చక్రవర్తి ఒక పుస్తకం రాశారు. చేను చేనుకూ తిరిగి నష్టం చూడక్కర్లేదు, వాన ఎంత తక్కువ పడిందో చూసి బీమా డబ్బు ఇచ్చేద్దాం అన్నారు. మైసూరంటే ఎక్కడో కాదు, మన పక్కనే. మంచి ఆలోచన. కానీ మన దేశంలో దాన్ని నిజంగా మొదలుపెట్టింది 2003లో! మహబూబ్‌నగర్‌లో శెనక్కాయ, ఆముదం రైతులతో, బేసిక్స్ సంస్థా ఐసీఐసీఐ లాంబార్డూ కలిసి. ఎనభై మూడేళ్లు. మధ్యలో ఎన్ని కరువులు పోయాయో మీ తాతనడగండి.

ఈలోగా ఇంకో ఆలోచన గెలిచింది. 1970ల్లో ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్ చెప్పింది: ఒక్కో రైతును కాదు, ఏరియా మొత్తం సగటు దిగుబడి చూడాలి. 1985లో వచ్చిన పంటల బీమా ఈ లెక్క మీదే నడిచింది. ఒక్కో చేనూ కొలవాలంటే ఖర్చు, పైగా మోసాలు. నిజమే, కాదనను. కానీ బోరు కింద పండినోడి దిగుబడీ, మన మెట్ట చేను దిగుబడీ కలిపి సగటు తీస్తే ఎవరు మునుగుతారు?

వాన లెక్కకూ ఇదే జబ్బు. స్టేషన్ ఉన్నచోట పడిందే అందరి వాన. శెనక్కాయకు ఊడలు దిగే టైంలో పదును కావాలి. అప్పుడు ఇరవై రోజులు ఎండగొట్టి, ఆ తర్వాత ఒక్కరోజే కుండపోత పడిందనుకోండి, సీజన్ మొత్తం కూడితే కాగితం మీద వాన ‘సాధారణం’. చేన్లో పీకితే కట్టె ఉంటుంది, కాయలుండవు. బడికి పోని మా అవ్వకు ఇది తెలుసు. మిల్లీమీటర్లలో చెప్పలేదు, అంతే. అందుకే ఆమె మాట ఫైలెక్కదు.

అలాగని ఏమీ మారలేదనను. వాతావరణ బీమాలో ఇప్పుడు వానకూ వానకూ మధ్య గ్యాప్ కూడా చూస్తారు. దిగుబడి బీమాలో ప్రధాన పంటలకు యూనిట్ గ్రామం లేదా పంచాయతీ అని 2016 ఫసల్ బీమా నిబంధనల్లో పెట్టారు.

ఇక నేను చేస్తున్న పని. మిద్దె మీద ఒక చిన్న వర్షమాపకం పెట్టా. వాతావరణ శాఖ కొలిచే టైమే, పొద్దున ఎనిమిదిన్నరకు రోజూ ఫోన్‌లో ఫోటో తీస్తున్నా. మండలం లెక్క పక్కన పెట్టి వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా.