ఫోనును పడగొట్టిన అక్షరం

(సూళగిరిలో తెలుగువారి ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం అయినది. ఎవరి ఆదాయమెంతో, ఎవరి వ్యయమెంతో విన్నారు. ఇక శాస్త్ర విజ్ఞాన వార్తలను గురించి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ములను కోరినారు. మేము శాస్త్రజ్ఞులము కాము. మెట్రిక్యులేషను చదివి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొనేవారము. అందులోనూ, రైలు రాని సూళగిరిలో పుట్టి రైలు కొలువుకు పోయినవారము! అయితే శాస్త్ర వార్తలమీద అభిప్రాయం చెప్పడానికి చదువు అడ్డము కాదన్న సంగతి మీకందరికీ తెలిసినదే. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 దింపుడు నౌక చంద్రునిమీద పడి మూగబోయినప్పుడు, బ్రేకు ఎక్కడ వేయవలసి ఉండెనో మా గార్డులు చెప్పినారు. 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రయాన్-3 క్షేమంగా దిగినప్పుడు, తాము చెప్పినట్లే చేసినారని సంతోషించినారు. టీ కొట్టు దగ్గర ప్రతివాడూ ఇంజనీరే. ఇది తప్పని మేము అనము. వార్త విని నోరు మూసుకున్నవాని కంటె, విని వాదులాడినవాడు మేలు. వాదులాటలో సగం అబద్ధమైనా, మిగిలిన సగంకోసం ఎవడో ఒకడు నిజం వెదకడానికి పోతాడు.

అటువంటి వార్త ఒకదానిని నేడు మీ ముందుంచుతాము. అది మన అక్షరానికి సంబంధించినది. 2018 ఫిబ్రవరిలో లోకమంతటా పత్రికలలో వచ్చినది. వార్త ఏమనగా, ఒక్క తెలుగు అక్షరం ఐఫోనును పడగొట్టుతున్నదని! ఆ అక్షరం “జ్ఞా”. ఐఓఎస్ 11.2.5 అనే సాఫ్ట్‌వేరు ఉన్న ఫోనుకు ఎవరైనా ఆ అక్షరాన్ని ఒక విధంగా పంపితే సందేశాల పెట్టె మూసుకొని పోయేది. వాట్సాప్‌లో వస్తే వాట్సాప్ తెరుచుకొనేది కాదు. తెరమీద సూచనగా కనబడితే ఫోనే మొరాయించి, మళ్ళీ మళ్ళీ మొదటికి వచ్చేది. ట్విటరులో చిలిపివాళ్ళు దానిని అక్షింతలు చల్లినట్లు చల్లినారు. కొన్ని పత్రికలు దానికి “అక్షర బాంబు” అని పేరు పెట్టినవి.

అన్ని అక్షరాలుండగా పడగొట్టినది ఏది? జ్ఞానంలో మొదటి అక్షరం! వేల రూపాయలు పోసి కొన్న ఫోను అన్నిటినీ మింగినది, జ్ఞానం మాత్రం గొంతులో పడలేదు. ఇంతకంటె మంచి పరిహాసం మన కవులు కూర్చొని ఆలోచించినా దొరికేది కాదు.

అప్పుడు మావాళ్ళలో మూడు పక్షాలు ఏర్పడినవి. మొదటివారు అభిమానులు. “చూసినావా అప్పా, మన అక్షరం దెబ్బ! అమెరికావాణ్ణి కూలదోసింది” అని మీసం దువ్వినారు. రెండవవారు సిగ్గరులు. “మన లిపిలో అన్నీ వంకరలూ, వత్తులే. ఇంగ్లీషు చూడు, ఇరవైయారు అక్షరాలతో లోకమంతా నడుస్తుంది. మనదే ఫోనుకు పట్టడం లేదు” అని తల వంచుకున్నారు. మూడవవారు అనుమానపు మామలు. “ఇదంతా కొత్త ఫోను కొనిపించే ఎత్తు” అన్నారు. ఈ మామలను బొత్తిగా కొట్టివేయడానికి లేదు. పాత బ్యాటరీలున్న ఫోనుల వేగాన్ని తామే తగ్గించుతున్నట్లు యాపిల్ సంస్థవారు అంతకు రెండు నెలల ముందే, 2017 డిసెంబరులో ఒప్పుకొని ఉన్నారు. ఒకసారి చేయి కాలినవాడు పెరుగునైనా ఊదుకొని తింటాడు గదా!

ఇప్పుడు అసలు జరిగినదేమో చూతము. మాకు తెలిసిన విద్య రైల్వే విద్య. కావున యార్డు భాషలోనే చెబుతాము. ఫోనులో అక్షరం బొమ్మగా ఉండదు, నంబరుగా ఉంటుంది. యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో తెలుగుకు 128 గళ్ళు కేటాయించినారు. మనం “జ్ఞా” అని చూచేది కంటికి ఒక్క అక్షరమేగాని, లోపల అది నాలుగు వ్యాగన్లు. మొదటిది “జ”. రెండవది పొల్లు గుర్తు, అనగా కప్లింగు. మూడవది “ఞ”. నాలుగవది దీర్ఘం. ఈ నాలుగింటినీ షంటింగు చేసి, ఒకదాని కింద ఒకటి తగిలించి, తెరమీదికి ఒక్క బొమ్మగా పంపే పని ఫోనులోని యార్డు మాస్టరుది. యాపిల్ వారి ఫోనులో ఆ యార్డు మాస్టరు పేరు కోర్ టెక్స్ట్.

ఇవి కాక యూనికోడ్‌లో వెడల్పు లేని, కంటికి కనబడని గుర్తు ఒకటి ఉన్నది. దాని ఆజ్ఞ ఏమనగా, “ఇక్కడ కలపవద్దు” అని. అది పనికిమాలినది కాదు. “సాఫ్ట్‌వేరు” అని వ్రాసినప్పుడు “వే” పోయి ముందరి అక్షరాల కింద వత్తుగా వేలాడకుండా ఆపేది అదే. “వాట్సాప్‌లో” అని వ్రాసినప్పుడూ అదే కాపలా. అయితే 2018లో పడగొట్టిన సందేశాలలో ఆ కనబడని గుర్తు “ఞ”కూ దీర్ఘానికీ నడుమ దూరి ఉన్నది. అక్కడ దానికి పనేమీ లేదు. నాలుగు వ్యాగన్ల బండిలో కొలతకు రాని అయిదవ వ్యాగను వచ్చేసరికి యార్డు మాస్టరు తడబడినాడు. మనం మామూలుగా కీబోర్డుమీద నొక్కే “జ్ఞా” ఏ ఫోనునూ పడగొట్టలేదు. ఇటువంటి కూర్పే బెంగాలీలోనూ, హిందీ వ్రాసే దేవనాగరిలోనూ కొన్ని జంట అక్షరాలతో అదే పని చేసినది. కాబట్టి అభిమానులు మీసం దించుకోవచ్చును, సిగ్గరులు తల ఎత్తుకోవచ్చును.

2018 ఫిబ్రవరి 19న యాపిల్ వారు 11.2.6 అనే మరమ్మత్తును విడుదల చేసినారు. వార్త గుప్పుమన్న వారం పది రోజులలోనే పని ముగిసినది. తమ ప్రకటనలో వారు కారణం కూడా వ్రాసినారు. దానిని తెలుగులో చెబితే, “జ్ఞాపకం చెడినది” అని! యంత్రంలో సంగతులు నిలువచేసే చోటిని వారు జ్ఞాపకమే అంటారు. “జ్ఞా” వచ్చి పడేసరికి ఫోనుకు జ్ఞాపకం చెడినదన్న మాట. ఆ మాటకూ మొదటి అక్షరం అదే గదా!

మరి తప్పు ఎవరిది? మా తీర్పు మేము చెబుతాము, ఒప్పుకోనివారు కాఫీ సమయాన వాదించవచ్చును. 2015 మే నెలలో అరబ్బీ అక్షరాలున్న ఒక సందేశం ఐఫోనులను పడగొట్టినది. 2020 ఏప్రిల్‌లో ఇటలీ జెండా బొమ్మతో కలిసిన సింధీ అక్షరాలు పడగొట్టినవి. నడుమ 2018లో మనది. ఒకసారి అరబ్బీ, ఒకసారి తెలుగు, ఒకసారి సింధీ! వంతెన కట్టినవాడు ఒక్క రకం బండినే నడిపి చూచి, “భేష్, గట్టిగా ఉన్నది” అని టిక్కెట్లు అమ్మితే, రెండవ రకం బండి వచ్చిన నాడు ఏమి జరుగుతుంది? అప్పుడు తప్పు బండిదా? మన లిపి వంకరైనది కాదు. పరీక్ష చాలలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల 11 లక్షలు. ఇందరు వ్రాసే లిపిని కొసరు బేరంగా చూడడం న్యాయం కాదు.

పరుల తీర్పు అయినది, ఇక మన ఇంటి లెక్క చూచుకొందము. ఆ ఫిబ్రవరిలో మన సూళగిరి, హోసూరు పిల్లల ఫోనులకు ఆ చిలిపి సందేశం రాకపోయినా, వచ్చినా, దానిని “జ్ఞా” అని చదవగలిగినవారు ఎందరు? వారు ఇంట్లో మాట్లాడేది తెలుగే. అవ్వతో జగడమాడేది తెలుగులోనే. ఫోనులో వ్రాసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. అందులో “పాలు” అని వ్రాసినారో “పళ్ళు” అని వ్రాసినారో తెలియక, అంగడికి పోయినవాడు రెండూ కొని తెస్తాడు.

దీనికి కారణాలు మీకు తెలియనివి కావు. మనలో కొందరు ఊరు విడిచి కదిలి వచ్చినవారు. కొందరు కదలనే లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడినప్పుడు గీత అటుగా పోయినది, మనము ఇటు నిలిచినాము. 2006లో వచ్చిన చట్టంతో ఒకటవ తరగతి నుండి ఏటేటా ఒక్కొక్క తరగతిలో తమిళం తప్పనిసరి అయినది. తమిళంమీద మాకు కోపమేమీ లేదు. మనకు కూడు పెట్టే నేల భాష అది. మన పిల్లలు దానిని బాగుగా నేర్వవలసినదే, నేర్చుకొంటున్నారు కూడా. మా మాటల్లా ఒక్కటే. రెండు పట్టాలుంటేనే బండి నడుస్తుంది. ఒక పట్టా వేసినందుకు రెండవది ఊడదీయవలసిన పని లేదు.

తెలుగు అక్షరం చూచి ఫోను ఆగిపోతే కొద్ది దినాలలో మరమ్మత్తు వచ్చినది. కోట్ల డబ్బున్న సంస్థ, పరువు పోతుందని పరుగెత్తి చేసినది. మన ఇంటి బిడ్డ తెలుగు అక్షరం చూచి ఆగిపోతే మరమ్మత్తు ఎవరు పంపుతారు? ఏ కంపెనీ పంపుతుంది? అది మనమే చేయవలసిన పని. అదీగాక నేడు మన కృష్ణగిరి జిల్లాలోనే టాటా ఎలక్ట్రానిక్స్ వారి కర్మాగారంలో ఐఫోనుల భాగాలు తయారవుతున్నవి. అక్కడ పని చేసేవారిలో ఆడపిల్లలు చాలమంది. ఫోను మన జిల్లా చేతులమీదుగా పోవచ్చునట, దానిలో మన అక్షరం మాత్రం మన పిల్లలకు పరాయిదట! ఇది పొసగుతుందా?

ఉపాయం పెద్దది కాదు, ఖర్చు అసలే లేదు. ప్రతి ఫోనులోనూ తెలుగు కీబోర్డు ఉచితంగానే ఉన్నది. కొత్త సంవత్సరం మొదలు మన ఇంటి వాట్సాప్ గుంపులలో “అన్నం తిన్నావా?” అన్న ఒక్క మాటైనా తెలుగు లిపిలో వ్రాయుదము. జవాబు కూడా తెలుగు లిపిలో వస్తేనే తరువాతి ముద్ద! అవ్వా తాతలు అక్షరం చెప్పవలెను, మనుమలు ఫోను చెప్పవలెను. ఇద్దరికీ గురుదక్షిణ సరిపోతుంది. ఇంకొంచెం ఓపిక ఉన్నవారికి 2003లో మొదలైన తెలుగు వికీపీడియా ఉన్నది. జీతం లేకుండా వ్రాసేవారు దానిని లక్ష వ్యాసాలు దాటించినారు. అందులో మన సూళగిరిని గురించి, మన కొండను గురించి, మన చెరువులను గురించి మీకు తెలిసినది ఎవరైనా చేర్చవచ్చును. శాస్త్ర వార్తలమీద మన వాదులాటలు కూడా ఇకమీదట తెలుగు లిపిలో సాగితే, అబద్ధమైనా మంచి అక్షరాలలో ఉంటుంది.

జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం అన్నీ ఆ ఒక్క అక్షరం చుట్టూనే తిరుగుతున్నవి. అది పోతే ఏమేమి పోతాయో మీరే లెక్క వేసుకొనండి. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. బండి ఆలస్యమైతే గుమాస్తాను తిట్టే అలవాటు మీకున్నది గనుక, ఇక్కడితో నిలిపివేస్తున్నాము. ఓపికతో విన్నందుకు మీకందరికీ మా కృతజ్ఞతలు. ఈ మాటను వ్రాసి చూపమని నేడు ఇంటికి పోగానే మీ బిడ్డలను అడగండి.