పాలమూరున బ్యాటరీల కర్మాగారము
(ఒక పఠన మందిరమున గావించిన ఉపన్యాసము)



పాలమూరు కూలి యనగానే లోకమునకు తోచునది యేమి? తట్ట, పార, మేస్త్రీ యిచ్చిన ముందస్తు పైకము, బొంబాయి బస్సు. నాగార్జునసాగరము మొదలు ఎన్ని ఆనకట్టల మట్టి మనవారి తలలపై సాగినదో చెప్పనలవి గాదు. అట్టి జిల్లాలో, మహబూబునగరునకు చేరువనున్న దివిటిపల్లియందు, 2023 మే నెలలో అమరరాజా సంస్థవారి లిథియము బ్యాటరీల కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 1985లో చిత్తూరు జిల్లాలో పుట్టి, కార్లకు సీసపు బ్యాటరీలు చేసి పేరుగాంచిన సంస్థ యిట్లు మనవైపునకు విస్తరించుట సంతోషింపదగినదే. 2022 డిసెంబరు నాటి ఒప్పందము చొప్పున పదియేండ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి. ప్రత్యక్షముగా 4,500 మందికి ఉద్యోగములు.

ఈ రెండంకెలను పక్కపక్కన నుంచి చూడుడు. ఒక్కొక్క ఉద్యోగమునకు రెండు కోట్లకు పైబడిన పెట్టుబడి! తట్ట మోయు పనికి ఇంత సొమ్మెవ్వరును పెట్టరు గదా. ధనములో పెద్దపాలు యంత్రములదే. విద్యుత్ కారునకు వలయు లిథియము సెల్లు చేయుట యెట్టిదో వినుడు. పలుచని రాగి రేకుపైనను అల్యూమినియము రేకుపైనను రసాయనపు పూతను సరిసమానముగా పూయవలెను. తడి తగిలెనా, లోని లవణము విరిగి ఆమ్లము పుట్టును, సెల్లు చెడును. కావున ఆ గదుల గాలినుండి తేమను దాదాపుగా తీసివైతురు. పనివాని యూపిరిలోని చెమ్మ సైతము అచట లెక్కకు వచ్చును! అట్టిచోట పనిచేయువారు కొద్దిమంది. ఆ కొద్దిమందియు కొలతలు చదువనేర్చిన వారు, యంత్రము మొరాయించిన కారణము పట్టగలవారు.

నా భయ మిచటనే. ఆ నేర్పు మన పిల్లలకు లేనిచో కొలువులు పొరుగువారికి పోవును. మనకు గేటు కాపలా, వంటశాల, తోటపని మిగులును. పొరుగువారు రాగూడదని నే ననను. బొంబాయికి పోయి బ్రదికిన మనకు ఆ మాట యనుటకు నోరు లేదు.

ఐ.టి.ఐ. లున్నవి గదా యందురు. ఉన్నవి. కాని అప్పుపడిన యింటి పిల్లవాడు రెండేండ్లు చేతికి కాసు రాక చదువునా? మేస్త్రీ పైకము నాడే చేతబడును. కావున సంస్థయు ప్రభుత్వమును కలసి శిక్షణకాలమున నెలనెల వేతన మీయవలెను. ఏ పనికి ఏ చదువు, ఎందరు కావలెనో చుట్టుపట్ల పంచాయతీ లన్నిటను ముందుగనే ప్రకటింపవలెను. దీపావళి వెళ్లగానే మేస్త్రీ గడపలోనికి వచ్చును. ఈ కబురు అంతకు ముందే ఆ యింటికి చేరవలెను.