కుస్తీ పోటీలు - మన ఆతిథ్యం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ నన్ను చదువు మీద మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శిగారు "కుస్తీ మీద మాట్లాడండి సార్" అన్నారు. కారణం మీకు తెలిసినదే. పోయిన ఏడాది రాష్ట్రస్థాయి పాఠశాలల కుస్తీ పోటీలు మన ఊళ్లో జరిగినవి. మగపిల్లల బసకు మన షాదీఖానా మూడు రోజులు ఇచ్చాం. వంట, వడ్డన మనవాళ్లే చేశారు. ఇప్పుడు మళ్లీ అడుగుతున్నారు. ఇవ్వాలా, వద్దా అన్నది కార్యవర్గం ముందున్న ప్రశ్న. ఇవ్వాలనే నా అభిప్రాయం. అయితే పోయినసారి ఇచ్చినట్టు మాత్రం ఇవ్వగూడదు. ఆ సంగతి చెప్పడానికే నిలుచున్నాను.

ముందు వద్దన్నవారి మాట చూద్దాం. వారిని నేను తప్పు పట్టను. వారిలో మొదటి పెద్దమనిషి అన్నది ఇది: "కుస్తీ పహిల్వాన్ల పని. చదువుకునే పిల్లలకు అది నేర్పితే వీధిలో కొట్లాటలకు పోతారు."

మక్కాలో రుకానా అని పేరుమోసిన మల్లుడు ఉండేవాడు. ప్రవక్త (స) ఆయనతో కుస్తీ పట్టి పడగొట్టారని అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉన్నది. హిజ్రీ 3లో, అంటే క్రీస్తుశకం 625లో, ఉహద్‌కు బయలుదేరేటప్పుడు చిన్నపిల్లలను వెనక్కి పంపివేశారు. రాఫె అనే కుర్రవాడు విలుకాడు కాబట్టి అతన్ని ఉండనిచ్చారు. అప్పుడు సముర అనే మరో కుర్రవాడు "నేను కుస్తీలో రాఫెను పడగొడతాను గదా" అన్నాడట. సరే పట్టమన్నారు. పడగొట్టాడు. అతన్నీ ఉండనిచ్చారు. ఇద్దరూ మన హైస్కూలు పిల్లల ఈడువారే. ఇది సీరత్ గ్రంథాలు చెప్పే ముచ్చట. ఇక అసలైన బలవంతుడు ఎవరన్నదానికి, కోపం వచ్చినప్పుడు తనను తాను పట్టుకోగలిగినవాడే అన్న హదీసు మీ అందరికీ తెలుసు. మంచి ఉస్తాద్ దగ్గర కుస్తీ నేర్చినవాడు మొదట నేర్చుకునేది అదే.

పైగా ఇవాళ పాఠశాలల్లో ఆడే కుస్తీ, మన తాతలు చూసిన దంగల్ ఒకటి కావు. ఆనాడు మట్టి గోదా. ఆ మట్టిలో నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా చేసేవారు. ఎంతసేపైనా పట్టేవారు. ఇప్పుడు 12 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్న మెత్తటి మ్యాట్. దాని మధ్య 9 మీటర్ల గుండ్రటి బరి. 17 ఏళ్లలోపు పిల్లలకు రెండేసి నిమిషాల చొప్పున రెండు దఫాలు, మధ్యలో అర నిమిషం విరామం. ఒకడు ఎర్ర బట్టలు, ఒకడు నీలం బట్టలు. ఎదుటివాణ్ణి కింద పడేసి పైన పట్టు సాధిస్తే 2 పాయింట్లు. బరి బయటికి నెడితే 1. రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించి పడితే కుస్తీ అక్కడితో అయిపోయినట్టే. మనం చిత్తు చేయడం అంటామే, అదన్నమాట. ఫ్రీస్టైల్‌లో కాళ్లు పట్టవచ్చు, గ్రీకో-రోమన్‌లో నడుము కిందికి చెయ్యి పోగూడదు. గుద్దడం, కొరకడం, వేళ్లు విరవడం నిషేధం. తీర్పు చెప్పడానికి ముగ్గురు ఉంటారు. కొట్లాట నేర్చుకోవాలనుకునేవాడికి ఇక్కడ ఏమీ దొరకదు.

రెండో అభ్యంతరం డబ్బు గురించి. ఆ మూడు రోజుల్లో ఒక నికాహ్‌కు హాలు ఇవ్వలేకపోయాం. ఆ అద్దె సొమ్ము పిల్లల ఫీజులకు, వితంతువుల నెలసరి సాయానికి పోయేది. ఇది న్యాయమైన మాట. దీనికి జవాబు చివర చెబుతాను.

ఇక పోయినసారి ఏమి జరిగింది? సంతోషమైనదే ముందు చెప్పుకుందాం. పిల్లలు వచ్చిన రోజు రాత్రి మన వంటవాళ్లు మంచి బిర్యానీ వండారు. మాంసం తినని పిల్లలకు వేరే పొయ్యి, వేరే గిన్నెలు పెట్టారు. ఇంత చేస్తే, సగం మంది పిల్లలు పళ్లెం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని లేచిపోయారు. మన వంట పెద్దకు కోపం వచ్చింది. "ఉప్పు తక్కువైందా, కారం ఎక్కువైందా, చెప్పండి బాబూ" అని వెంటబడ్డాడు. పాపం, పిల్లలు ఏమీ చెప్పలేక నవ్వారు. మర్నాడు పొద్దున్నే తూకం ఉన్నదని మాకెవరికీ తట్టలేదు. ఇన్ని కిలోల తరగతి అంటే అంతకు మించగూడదు. పొద్దున తూకం అయిపోయి పిల్లలు ఆకలితో పరుగెత్తుకు వచ్చేసరికి మన వంటింట్లో ఏమున్నది? చాయ్. నాస్తా రావడానికి ఇంకో గంటన్నర. తిననప్పుడు బిర్యానీ పెట్టి, తినేటప్పుడు చాయ్ పోశాం. మన ఆతిథ్యం అలా అఘోరించింది.

నవ్వుకున్నాం, బాగానే ఉంది. ఇప్పుడు చెప్పబోయేదానికి నవ్వు రాదు. దీనిలో తప్పు నాదే కాబట్టి నేనే చెప్పాలి.

మా బళ్లో ఉర్దూ మీడియంలో చదివే ఒక అబ్బాయి జిల్లా జట్టులో ఉన్నాడు. 48 కిలోల తరగతి. తూకానికి రెండు రోజుల ముందు చూస్తే 49 కిలోల 300 గ్రాములు ఉన్నాడు. దిగాలుగా వచ్చి నాతో చెప్పాడు. "కిలో చిల్లరే గదా బేటా, దించెయ్యి" అన్నాను. కుస్తీ సంగతి నాకేమి తెలుసు? వాడికి ధైర్యం చెప్పాననుకున్నాను. వాడు రెండు రోజులు అన్నం మానేశాడు. తరువాత నీళ్లు మానేశాడు. రాత్రిపూట రెండు స్వెట్టర్లు తొడుక్కుని మన షాదీఖానా చుట్టూ పరుగెత్తాడు. వరండాలో కూర్చున్న మేము "శభాష్, ఎంత పట్టుదల" అని చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

పొద్దున తూకంలో 48 లోపే వచ్చాడు. ఒక చాయ్ తాగి మ్యాట్ మీదికి దిగాడు. మొదటి కుస్తీ గెలిచాడు. రెండో కుస్తీలో, ఎదుటివాడు సరిగా పట్టనైనా పట్టకముందే, మోకాళ్ల మీద కూలబడ్డాడు. కళ్లు తేలేశాడు. డాక్టరు కుస్తీ ఆపించి ఆసుపత్రికి పంపారు. సెలైన్ ఎక్కించారు. అల్లా దయవల్ల సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. వాళ్ల అమ్మ వచ్చింది. నన్ను తిట్టలేదు. "మా ఇంట్లో తిండి లేకనా సార్, నా కొడుకు పస్తున్నది?" అని ఒక్క మాట అన్నది. నేను తల వంచుకున్నాను. ఈ రోజుకూ ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ తరువాత ఈ విషయం చదివాను, తెలిసినవారిని అడిగాను. ఒంట్లో నీరు తగ్గితే రక్తం తగ్గుతుంది. గుండె వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. చెమట పట్టక ఒంటి వేడి బయటికి పోదు. అమెరికాలో 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో ఇట్లాగే బరువు దించుకోబోయి ముగ్గురు కాలేజీ మల్లులు, నెల పైచిలుకు వ్యవధిలో, ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడు అక్కడ నిబంధనలు మార్చారు. తరువాత హైస్కూళ్లకు కూడా కట్టుబాటు వచ్చింది: ఒంట్లో తగినంత నీరు ఉన్నదో లేదో మొదటే పరీక్ష చేయాలి. వారానికి శరీరపు బరువులో 1.5 శాతం కంటే ఎక్కువ తగ్గగూడదు. లెక్కల మాస్టారు కాకపోయినా నేనూ లెక్క వేశాను. 49 కిలోల 300 గ్రాముల పిల్లవాడికి అది వారానికి సుమారు 740 గ్రాములు. మావాడు రెండు రోజుల్లో దించింది 1,300 గ్రాములు.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్‌కు జరిగింది మీరంతా విన్నారు. 50 కిలోల తరగతిలో ఫైనల్ దాకా వెళ్లి, ఆ పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు పోటీ నుంచి తొలగించబడింది. రాత్రంతా బరువు దించడానికి తంటాలు పడి, నీరసించి వైద్యుల దగ్గర చేరింది. వెనక డాక్టర్లు, కోచ్‌లు ఉన్నవారికే ఇంత కష్టమైతే, వెనక నావంటి తెలియని మాస్టారు ఉన్న పిల్లవాడి గతి ఏమిటి?

ఇంకొక సంగతి. తూకం దగ్గర డాక్టరు ఒళ్లంతా చూస్తారు, గోళ్లు చూస్తారు. పోయినసారి ఇద్దరు పిల్లలకు తామర ఉన్నదని దిగనివ్వలేదు. తామర ఒంటికి ఒళ్లు తగిలితే అంటుతుంది, తువాలు నుంచి అంటుతుంది, మ్యాట్ నుంచి అంటుతుంది. మనమేమో పిల్లలందరినీ పెళ్లిళ్ల జంపఖానాల మీద పక్కపక్కన పడుకోబెట్టి, స్నానాల గది దగ్గర తాడు మీద నాలుగు తువాళ్లు వేలాడదీసి, అదే మర్యాద అనుకున్నాం.

ఆడపిల్లల బస బాలికల పాఠశాలలో పెట్టారు. 2016లో రియోలో సాక్షి మలిక్ కంచు పతకం తెచ్చినప్పటి నుంచి మన ఊళ్లలో కూడా ఆడపిల్లలు కుస్తీ అడుగుతున్నారు. పెద్దలు కొందరు వెనకాడారు. అయితే మన మహిళా విభాగం వారు వెళ్లి, తూకానికి తలుపున్న వేరే గది కావాలని, అక్కడ ఆడ అధికారులే ఉండాలని పట్టుబట్టి సాధించారు. నిజం చెప్పాలంటే పోయినసారి మన సంఘం లోపం లేకుండా చేసిన పని అదొక్కటే.

కావున నా మనవి ఇది. హాలు ఇద్దాం. ఇచ్చేటప్పుడు ఈ పనులు మన మీద వేసుకుందాం.

ఒకటి, తూకం ముందు రాత్రి తేలికపాటి భోజనం, పెందలాడే. తూకం అయిన నిమిషానికి ఇడ్లీ, అరటిపండ్లు, ఉడికించిన గుడ్లు, ఉప్పు పంచదార కలిపిన నిమ్మనీళ్లు సిద్ధంగా ఉండాలి. బిర్యానీ ఆఖరి రోజు రాత్రికి. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే పంక్తిలో కూర్చుని తినాలి.

రెండు, వడ్డించేవారు చూస్తూ ఉండాలి. ఏ పిల్లవాడైనా అన్నం, నీళ్లు మానేసినట్టు కనబడితే వెంటనే అతని కోచ్‌కు, డాక్టరుకు చెప్పాలి. చప్పట్లు కొట్టగూడదు.

మూడు, మన పిల్లలను పోటీకి నెల ముందే తూచి, ఉన్న బరువుకు తగిన తరగతిలోనే పేరు ఇవ్వాలి. మా బడి సంగతి నేను చూసుకుంటాను. మిగతా బళ్లలో ఉన్న మన ఉపాధ్యాయ సోదరులు కూడా పూనుకోవాలి.

నాలుగు, ఎవరి దుప్పటి వారిది, ఎవరి తువాలు వారిది. పూటపూటా హాలు బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. మ్యాట్‌ను రోజూ శుభ్రం చేయించమని నిర్వాహకులను అడగాలి.

ఐదు, ఆడపిల్లల ఏర్పాట్లు మహిళా విభాగానికే అప్పగించాలి. వారి మాటే ఆఖరు మాట కావాలి.

ఇక అద్దె సంగతి. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన కె.డి. జాధవ్ కొల్హాపూర్ రాజారాం కాలేజీ విద్యార్థి. ఆయన ప్రయాణానికి ఆ కాలేజీ ప్రిన్సిపాల్ తన ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు ఇచ్చారు. మనల్ని ఎవరూ ఇల్లు తాకట్టు పెట్టమనడం లేదు, హాలు తాళంచెవి అడుగుతున్నారు. అయినా ఫీజుల సొమ్ముకు, వితంతువుల సొమ్ముకు ఒక్క రూపాయి తగ్గగూడదు. మూడు రోజుల అద్దెను పది భాగాలు చేద్దాం. ఒక భాగం నాది. మిగిలిన తొమ్మిదింటికి ఈ సభ అయ్యేలోగా పేర్లు ఇవ్వండి. రాకపోతే హాలు ఇవ్వవద్దని నేనే చెబుతాను.

మన ఇంటికి వచ్చిన మెహ్మాన్‌ను ఎట్లా వచ్చాడో అట్లా క్షేమంగా పంపించడం మన ధర్మం. ఎవరో తల్లి తన బిడ్డను మన చేతికి ఇచ్చి పంపుతుంది. పతకంతో వచ్చాడా, ఉత్త చేతులతో వచ్చాడా అని తరువాత చూస్తుంది. ముందు మొహం చూస్తుంది.

ఆ అబ్బాయి సంగతి అడుగుతారేమో. ఇదిగో, వెనక వరసలో మీకు మంచినీళ్లు అందిస్తున్నాడు. ఈ ఏడు 51 కిలోల తరగతిలో దిగుతానంటున్నాడు. అన్నం తినే దిగుతానని వాళ్ల అమ్మ ముందు నాకు మాట ఇచ్చాడు. నేనూ ఆమెకు ఒక మాట ఇచ్చాను. దాన్ని నిలబెట్టుకోవడానికి మీ అందరి సహాయం కావాలి. దువా చేయండి.

సెలవు. ఖుదా హాఫిజ్.