బొగ్గుబావిలో మనిషి పేరు

గ్రామపెద్దలారా!

పొలమునకు వెళ్లినవాడు ప్రొద్దుగ్రుంకినను ఇల్లు చేరనిచో గట్టుమీద నిలిచి కేకవేయుదుము. బొగ్గుబావిలో దిగినవానికి మన కేక వినబడదు. కావున గనులలో పనివారిని నడపు విద్యకు మొదటి పాఠము పేరు వ్రాసికొనుట. ఎవరు దిగిరి? ఎవరు పైకి వచ్చిరి? ఈ రెండు ప్రశ్నలకును ఏ క్షణముననైనను ఉత్తరము సిద్ధముగా నుండవలయును.

తెలంగాణములోని సింగరేణి గనుల కథను చూడుడు. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కును పొందెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడెను. పల్లెలనుండి వచ్చినవారు తట్ట, చెమ్మసు చేతబట్టి ఆ బావులలో దిగిరి.

1952 సంవత్సరపు గనుల చట్టము, తరువాతి సవరణలతో కూడి, పదునెనిమిదేండ్లు నిండనివారిని పనిలో చేర్చుకొనరాదనియు, భూగర్భమున దినమునకు 8 గంటలకు మించి పని చేయింపరాదనియు, లోపలనున్న ప్రతివాని పేరును పుస్తకములో కనబడవలయుననియు విధించెను. 1966 నాటి నియమములు క్రొత్తవానికి ముందుగా శిక్షణ యొసగవలయుననెను. ఇవి కాగితపు మర్యాదలు కావు. కుండను కొనునపుడు వ్రేలితో కొట్టి నాదము విందుము గదా! గనిలోని కప్పును గూడ కఱ్ఱతో అట్లే తట్టి చూతురు. గట్టి రాయి ఖంగుమనును; వదులైన రాయి డొల్లగా పలుకును. నేర్పు లేనివానికి ఆ భేదము తెలియదు. అలసినవాడు తట్టి చూచుటయే మరచును.

1975 డిసెంబరు 27న ధనబాదు సమీపమున చాసనాల గనిలోనికి నీరు చొచ్చి 370 మందికి పైగా మరణించిరి. అట్టి దినమున పుస్తకములో పేరు లేనివానిని ఎవరు వెదకుదురు? ఆతని భార్య యే యాధారముతో పరిహార మడుగును?

పేరుండినను చాలదు, అది నిజమైన పేరై యుండవలయును. సింగరేణిలో పూర్వము కొందరు మారుపేర్లతో పనిలో చేరిరి. పనివాడు మరణించినను, రోగముచే అశక్తుడైనను వారసునకు ఉద్యోగ మొసగు పద్ధతి యచ్చట కలదు. కాని తండ్రికి ఇంట నొక పేరు, గనిలో నొక పేరు ఉండుటచే, అట్టి వారసులు తమ హక్కును నిరూపించుకొనలేక చిక్కులు పడిరి. నాడు చిన్నదనుకొన్న అబద్ధము తరువాత బిడ్డల కూటికే అడ్డువచ్చినది.

కావున మీ యూరి కుఱ్ఱవాడు కంట్రాక్టరు వెంట గనికి బయలుదేరునపుడు కూలి యెంత యని మాత్రమే యడిగి యూరకుండకుడు. మస్టరులో తన పేరే వ్రాసిరా? దిగుటకు ముందు పని నేర్పిరా? ఎన్ని గంటలకు పైకి పంపుదురు? ఈ మూడును విచారింపుడు. సమాధానము తిన్నగా రానిచో, ఆ బావిలో దిగవలదని చెప్పుడు. ఆ మాట చెప్పదగినవారు ఊరిలో మీరే.