హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే విన్నట్టేనా?

మామూలుగా నేను స్క్రీన్ మీద ఏదో ఒకటి చూపిస్తూ మాట్లాడతాను. ఈరోజు చూపించడానికి ఏమీ లేదు, వినడానికి మాత్రం ఉంది.

ముందు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. బీటెక్ అయ్యాక నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ఆ నాలుగేళ్ళూ రోజుకి ఏడెనిమిది గంటలు చెవుల మీద హెడ్‌ఫోన్స్ ఉండేవి. కోడ్ రాస్తుంటే జాజ్, బగ్ వెతుకుతుంటే రాక్, రాత్రి డ్యూటీ పడితే పియానో. ఎవరైనా అడిగితే "నాకు మ్యూజిక్ అంటే ప్రాణం" అనేవాణ్ణి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది భీమవరం దగ్గర. మా నాన్నగారికి ఈ మధ్య వినికిడి తగ్గింది. పరీక్ష చేయిస్తే, కిందిస్థాయి శబ్దాలు బాగానే అందుతున్నాయి, పైస్థాయివి బాగా పడిపోయాయి అన్నారు. చెవి మిషన్ పెట్టారు. మాటలకి పనికొస్తోంది. పాటకి మాత్రం "రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసినట్టుంది" అంటారాయన.

ఆ రోజు మిషన్ తీసేసి పాత క్యాసెట్ ఒకటి పెట్టుకున్నారు. మాండలిన్ శ్రీనివాస్ గారిది. ఆయనది మా పక్క పాలకొల్లే. కాసేపు విని నన్ను పిలిచారు. "ఒరేయ్, మృదంగం తెలుస్తోంది గానీ మాండలిన్ మీటు వినపడట్లేదు. ఇక్కడ ఏం వాయిస్తున్నాడో చెప్పు."

నేను కూర్చుని విన్నాను. "బాగా వాయిస్తున్నారు నాన్నా" అన్నాను.

"బాగా వాయిస్తాడని నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. ఏం వాయిస్తున్నాడో చెప్పమన్నాను."

నా దగ్గర సమాధానం లేదు. వేల గంటలు విన్నవాణ్ణి, ఒక్క నిమిషం పాటలో ఏం జరుగుతోందో చెప్పలేకపోయాను. హైదరాబాద్ తిరిగొచ్చాక మొదటి నుంచీ వినడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. అందులో నాకు బాగా ఉపయోగపడిన నాలుగు రికార్డింగుల గురించి ఈరోజు చెబుతాను.

మొదటిది 1902లో, కలకత్తాలో. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన యంత్రం పట్టుకుని వచ్చాడు. పాడింది గౌహర్ జాన్. అప్పటికి మైకు లేదు. ఒక పెద్ద గరాటు లాంటి కొమ్ములోకి పాడాలి. ఆ గొంతు బలమే సూదిని కదిపి మైనం మీద గీత గీయాలి. పైగా టైము మూడు నిమిషాలే. గంటసేపు పాడే రాగాన్ని మూడు నిమిషాల్లో ముగించాలి.

ఇది తెలియక ముందు ఆ రికార్డు వింటే నాకు గరగర తప్ప ఏమీ వినిపించలేదు. తెలిశాక విన్నాను. ఆవిడ తొందరపడదు! ఆ కాస్త టైములోనే రాగం ముఖం చూపిస్తుంది, తానాలు వేస్తుంది, చివర్లో తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెబుతుంది. ఎందుకంటే డిస్కులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఎవరి పాటో అక్కడివాళ్ళకి తెలియాలి కదా. నా భాషలో చెప్పాలంటే, ఫైల్ చివర్లో మెటాడేటా పెట్టిందన్నమాట.

అక్కడ నాకు ఒక సంగతి అర్థమైంది. రికార్డు అంటే కచేరీకి జిరాక్స్ కాపీ కాదు. ఒక గది, ఒక యంత్రం, ఇంత టైము అనే హద్దులున్నాయి. వాటి లోపల ఒక మనిషి తీసుకున్న నిర్ణయాలే మనం వింటున్నది.

రెండోది చూద్దాం. న్యూయార్క్‌లో 30వ వీధిలో కొలంబియా కంపెనీకి ఒక స్టూడియో ఉండేది. అంతకు ముందు అది చర్చి. 1955 జూన్‌లో గ్లెన్ గౌల్డ్ అనే కెనడా కుర్రాడు అక్కడ బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ వాయించాడు. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. మొత్తం సుమారు 38 నిమిషాలు. 1964లో కచేరీలు పూర్తిగా మానేశాడు. ఇకమీదట రికార్డింగే నా వేదిక అనుకున్నాడు. 1981లో అదే గదికి తిరిగొచ్చి అదే రచన మళ్ళీ రికార్డు చేశాడు. ఈసారి సుమారు 51 నిమిషాలు.

కొన్ని భాగాలు రెండోసారి తిప్పి వాయించాడు కాబట్టి కొంత పెరిగింది, నిజమే. కానీ మొట్టమొదట వచ్చే ఆరియా ఒక్కటీ పోల్చి చూడండి. 1955లో రెండు నిమిషాల లోపే అయిపోతుంది. 1981లో మూడు నిమిషాలు పడుతుంది. స్వరాలు అవే, మనిషీ అతనే. మొదటిదాంట్లో కుర్రాడు మెట్లు రెండేసి దూకుతూ ఎక్కుతున్నట్టుంటుంది. రెండోదాంట్లో ఒక్కో మెట్టు మీదా ఆగి వెనక్కి చూసుకుంటున్నట్టుంటుంది. జాగ్రత్తగా వింటే వెనకాల అతని గొంతు కూడా సన్నగా వినిపిస్తుంది. వాయిస్తూ కూనిరాగం తీసే అలవాటు. ఆ రెండో రికార్డు 1982లో విడుదలైన కొద్దిరోజులకే అతను చనిపోయాడు, 50 ఏళ్ళకి.

ఇప్పుడు మూడోది. స్టూడియో అదే, 30వ వీధిదే! 1959 మార్చి 2న మైల్స్ డేవిస్ బృందం అక్కడ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్ మొదలుపెట్టింది. అందులో మొదటి పాట 'సో వాట్'. ఆఫీసులో దీన్ని వందసార్లు పెట్టుకుని ఉంటాను. ఒక్కసారి కూడా వినలేదని ఇప్పుడు చెప్పగలను.

దీన్ని మన చెవితో ఎలా పట్టుకోవాలో చెబుతాను. మొదట పియానో, బాస్ కలిసి తాళం లేకుండా మెల్లగా మాట్లాడుకుంటాయి. తర్వాత లయ పడుతుంది. అసలు పాట పాడేది బాస్, అంటే పాల్ ఛాంబర్స్ వాయించే ఆ పెద్ద వాయిద్యం. అది ఒక మాట అంటుంది, మిగతావాళ్ళు రెండే స్వరాలతో ఊఁ కొడతారు. కథ చెబుతుంటే పక్కన వంత పలికినట్టు. అక్కడి నుంచి మీ తొడ మీద ఆది తాళం వేయండి. ఒక్కో దెబ్బకి ఒక్కో అక్షరం. ఎనిమిది ఆవర్తాలు ఒకే స్థాయిలో నడుస్తుంది. తొమ్మిదో ఆవర్తానికి మొత్తం అర మెట్టు పైకి జరుగుతుంది. నాలుగు ఆవర్తాలు అక్కడ ఉండి మళ్ళీ కిందికి దిగి, ఇంకో నాలుగు. మొత్తం పదహారు. ఆ తర్వాత ట్రంపెట్ మొదలైనా, సాక్సఫోన్ మొదలైనా చట్రం ఇదే.

అందులో వాడిన స్వరాలు చూస్తే మన ఖరహరప్రియ మెట్లే. గమకాలు ఉండవు, అది వేరే విషయం. మన కచేరీలో ఆధార షడ్జమం మొదటి నుంచి చివరిదాకా కదలదు. ఇక్కడ ఆ నేలే అర మెట్టు లేచి దిగుతుంది. ఒకసారి ఆ కుదుపు పట్టుకున్నారంటే ఇక ఈ పాట మీకు బ్యాక్‌గ్రౌండ్‌గా పనికిరాదు.

ఇంకో సంగతి. ఆ రోజు ఒక టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా రికార్డైన టేపుని మామూలు వేగంలో ప్లే చేస్తే ఏమవుతుంది? శ్రుతి కొంచెం పెరుగుతుంది. అలా మొదటి వైపున్న మూడు పాటలూ మూడు దశాబ్దాలకు పైగా ఎక్కువ శ్రుతిలోనే అమ్ముడయ్యాయి. పక్కనే తిరిగిన రెండో యంత్రం టేపు సరిగ్గా ఉంది. 1990లలో దాన్నుంచి సరిచేశారు. బ్యాకప్ ఎందుకు తీసుకోవాలో మీ టీమ్‌లో ఎవరైనా అడిగితే ఈ కథ చెప్పండి.

నాలుగోది రాక్. 1966 ఏప్రిల్, లండన్, ఆబీ రోడ్‌లోని స్టూడియో. బీటిల్స్ పాట 'టుమారో నెవర్ నోస్'. మొదట్లోనే తంబురా వినిపిస్తుంది. పాట దాదాపు మొత్తం ఒకే శ్రుతి మీద నిలబడుతుంది. టేపు ముక్కల్ని చుట్టలుగా అతికించి, అవి వదులవకుండా పెన్సిళ్ళకి తగిలించి పట్టుకుని, అన్నీ ఒకేసారి తిప్పుతూ కలిపారు. అప్పుడు ఇంజనీరు జెఫ్ ఎమెరిక్‌కి 20 ఏళ్ళు. ఇదీ మూడు నిమిషాల లోపే. గౌహర్ జాన్ మూడు నిమిషాల్లో యంత్రానికి తలవంచకుండా పాడింది. వీళ్ళు అదే మూడు నిమిషాల్లో యంత్రాన్నే వాయిద్యంగా వాయించారు.

ఇప్పుడు ఇంటికి వస్తాను. మళ్ళీ ఊరెళ్ళినప్పుడు స్పీకరు పట్టుకెళ్ళాను. నాన్నగారికి మొదట పెట్టింది 'సో వాట్'. కారణం మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఇందులో పాట నడిపేది బాస్. ఆయన చెవికి ఇంకా బాగా అందుతున్నది ఆ కింది స్థాయే. ఆయన చెయ్యి పట్టుకుని తాళం వేశాను. "ఖరహరప్రియ అన్నావు, గమకం ఏదిరా?" అని మొదట విసుక్కున్నారు. తొమ్మిదో ఆవర్తం వచ్చింది. నేను ఏమీ చెప్పలేదు. ఆయనే తలెత్తి చూశారు. "పైకెళ్ళాడు." నాలుగు ఆవర్తాలు అయ్యాక, "అదిగో, దిగాడు."

తర్వాత ఆ క్యాసెట్ పెట్టాం. ఈసారి నేను చెప్పాను. "ఇక్కడ ఒక్క మీటు మీటి, తీగ మీద వేలు జారుస్తూ మూడు స్వరాలు పలికించారు నాన్నా. ఇప్పుడు ఆగారు. మృదంగం ఒక్కటే ఉంది." అన్నీ సరిగ్గా చెప్పానని కాదు. రెండుచోట్ల ఆయనే దిద్దారు, జ్ఞాపకం మీద. వినపడనిచోట నా మాట, నాకు తెలియనిచోట ఆయన జ్ఞాపకం. అలా ఒక వైపు పూర్తి చేశాం.

మీకు ఒకటే హోమ్‌వర్క్. ఈ వారం ఏదో ఒక పాట, మీకు బాగా తెలుసు అనుకున్నదే, పని పక్కన పెట్టి మూడుసార్లు వినండి. మొదటిసారి అన్నిటికన్నా కింద మోగుతున్నది ఏదో దాన్నే పట్టుకోండి. రెండోసారి ఎవరు ఎవరికి జవాబిస్తున్నారో చూడండి. మూడోసారి ఎవరు ఎక్కడ ఆగారో గమనించండి. ఖరీదైన హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు. సౌండ్ కూడా తగ్గించే పెట్టుకోండి, ఆ చెవులు మీకు చాలాకాలం కావాలి.

తర్వాత ఆ పాటలో ఏం జరుగుతోందో ఇంట్లో ఒకరికి చెప్పండి. "బాగుంది" అనే మాట వాడకుండా చెప్పాలి. అదే కష్టం.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.