కుక్కపిల్లకు దండన వలదు, దయయే శిక్షణ
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



నేటి మా ప్రసంగ విషయమును వినినంతనే మీలో కొందఱకు నవ్వు రావచ్చును. మంచినీటి కొళాయిలు, వీధిదీపములు, మురుగుకాలువలు, ఇంటిపన్నులు మున్నగు పనులు ఇన్ని యుండగా, కుక్కపిల్లను పెంచుట గూర్చి మాకు చెప్పనేల యని మీరు అడుగవచ్చును. కాని గ్రామమున ఒక బిడ్డను కుక్క కఱచిననాడు తల్లిదండ్రులు మొరపెట్టుకొనుటకు వచ్చునది మీ గడపకే గదా! ఆ కఱచిన కుక్కయు ఒకనాడు ఎవరి యింటి అరుగు మీదనో ఆడుకొనిన పిల్లయే. దానిని పెంచిన తీరును బట్టియే దాని నడవడి చాలవఱకు ఏర్పడును.

పుట్టిన మూడవ వారము మొదలు సుమారు పదునాలుగవ వారము వఱకు గల కాలము కుక్కపిల్లకు మిక్కిలి ముఖ్యమైనది. ఎనిమిది వారములు నిండక మునుపు దానిని తల్లినుండి వేఱు చేయరాదు. పిల్లలు, వృద్ధులు, చేతికఱ్ఱ పట్టినవారు, పశువులు, ట్రాక్టరు చప్పుడు మొదలైనవానిని ఆ దినములలోనే మెల్లమెల్లగా, భయపెట్టకుండ అలవాటు చేయవలెను. ఆ వయస్సున గొలుసుతో గుంజకు కట్టి మూలకు నెట్టిన పిల్ల, పెద్దదైన పిమ్మట క్రొత్తవారిని చూచి బెదరును. బెదరిన కుక్క కఱచుటకు వెనుదీయదు.

జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్, ఆహారమునకు ముందు వినిపించు చప్పుడునకే కుక్కల నోట లాలాజలము ఊరునని కనుగొనెను. కుడితి తొట్టి చప్పుడు విని పాడిగేదె తల యెత్తుట మనకు తెలిసినదే. ఏ పని చేసిన వెంటనే మేలు కలుగునో ఆ పనినే ప్రాణి మరల మరల చేయును. దయతో నేర్పుట యనగా ఇంతే.

కూర్చుండుట నేర్పవలెనన్నచో, ఉడికిన గ్రుడ్డుముక్కను పిల్ల ముక్కు యొద్ద చూపి, తలమీదుగా మెల్లగా వెనుకకు జరుపుడు. తల పైకెత్తగా దాని వెనుకభాగము తనంతట నేలకు ఆనును. ఆ క్షణముననే “భేష్” అని మెచ్చుకొని ముక్క పెట్టుడు. ఆలస్యమైనచో మెప్పు దేనికో దానికి తెలియదు. ఒక్కొక్క పాఠము మూడు నాలుగు నిమిషములకు మించరాదు. ఇంటిలో అందఱు ఒకే మాట వాడవలెను. అలవాటు కుదిరిన పిదప తిండి తగ్గింపవచ్చును గాని మెచ్చుకోలు మానరాదు.

నిద్ర లేవగనే, తినిన వెంటనే, ఆట ముగియగనే పిల్లను బయటికి కొనిపోయి, అచ్చట మలమూత్రములు విడిచినపుడు మెచ్చుకొనవలెను. ఇంటిలో విడిచినచో కొట్టక, శుభ్రపఱచి ఊరకుండవలెను. ఆటలో చేయి కొఱికినచో చేయి తీసికొని, ఆట మాని, ప్రక్కకు తిరుగుడు. కొఱుకుటకు త్రాటిముక్క నిండు.

ఈ విషయమున మేమును తప్పు చేసినవారమే. కొన్నియేండ్ల క్రిందట మా యింటి కుక్కపిల్ల పిలిచినపుడు ఆలస్యముగా వచ్చినదని బెత్తముతో కొట్టితిమి. ఆలస్యమునకు కొట్టితిమని మేము తలచితిమి. వచ్చినందుకు కొట్టిరని అది తెలిసికొన్నది. ఒకనాటి సాయంకాలము అది రోడ్డు దాటుచుండగా లారీ వచ్చుట చూచి, “రా, రా” అని కేకలు వేసితిమి. మా గొంతు విని అది పరుగున రాలేదు. దారి నడుమనే నక్కి కూర్చుండినది. లారీ ఆగలేదు. ఆ దెబ్బ మా చేతిదే యని నేటికిని అనుకొనుచుందుము.

ఇక మీరు చేయదగిన పనులు. మూడు నెలలు నిండిన ప్రతి కుక్కపిల్లకును పశువైద్యుని చేత రేబిస్ టీకా వేయించి, పిదప ఆయన చెప్పిన గడువులందు మరల వేయించునట్లు చూడుడు. జంతు జనన నియంత్రణ నియమములు, 2023 ననుసరించి వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు, టీకాలు జరిపించు బాధ్యత స్థానిక సంస్థలది. జంతువులను అకారణముగా కొట్టి హింసించుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము. తినుచున్న, నిద్రించుచున్న, పిల్లలతో నున్న కుక్కను తాకరాదని బడిపిల్లలకు చెప్పింపుడు.

కఱచినది చిన్న పిల్లయే గదా యని అశ్రద్ధ వలదు. గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. కారము, సున్నము, పసరులు పూయరాదు. రేబిస్ లక్షణములు కనబడిన పిమ్మట మనిషి బ్రదుకుట దాదాపు అసాధ్యము.

మీ గ్రామమున కఱ్ఱ యెత్తిన చేతిని చూచినపుడు ఆపి, ఆ చేతిలో ఒక రొట్టెముక్క నుంచుడు. మీరు చెప్పినచో ఊరివారు విందురు. ఆ కుక్క పెద్దదైననాడు మీ బిడ్డలు నిర్భయముగా బడికి పోగలరు.